పురానాపూల్ అవతల మూడు ఓటములు

హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచి ఏలూరులో కనిపించినవాళ్ళంతా నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. చార్మినార్ ఎక్కారా? గెలిచారా? ఎక్కలేదు. గెలవలేదు. ఈ జవాబులు చెప్పీ చెప్పీ విసుగెత్తింది. ఏం జరిగిందో ఒకసారి కాగితం మీద పెడితే అడిగినవాళ్ళ చేతికి అదే ఇవ్వవచ్చని కూర్చున్నాను.

నేను బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. యాభైకి దగ్గర పడ్డాను. మోకాళ్ళు మాత్రం యాభై దాటి చాలాకాలమైనట్టు ప్రవర్తిస్తాయి. ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడం నా పని. రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమయ్యాక, అక్కడి పిల్లలూ ఇక్కడి పిల్లలూ కలిసి ఆడితే బాగుంటుందని పాతబస్తీలోని ఒక బాలికల పాఠశాలవారికి తోచింది. మూడు ఆటలు ఆడడానికి రమ్మని పిలిచారు. మా బడి కమిటీవారు వెంటనే ఒప్పుకున్నారు. ప్రయాణం చేసేది వాళ్ళు కాదు కదా.

నాంపల్లిలో దిగాక

రైల్లో రాత్రంతా పిల్లలు పాటలు పాడారు. నేను కిటికీకి తల ఆనించి, వాళ్ళు ఎప్పుడు ఆపుతారా అని చూస్తూనే తెల్లవార్చాను. మా బడి ఆయా సారమ్మ వంటసామాను మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. ఆమె వంట చెయ్యడానికే కాదు, కూతురి కోసం కూడా వచ్చింది. జట్టులో ఆడే సువార్త ఆమె కూతురు.

నాంపల్లి స్టేషను బయట రిక్షాలవాళ్ళు చుట్టుముట్టారు. పురానాపూల్ దాటి వెళ్ళాలని చెప్పాను. బేరం మొదలైంది. వాళ్ళు అణాల్లో అడుగుతారు, నేను కొత్త పైసల్లో చెబుతాను. ఎవరు ఎక్కువ అడిగారో, ఎవరు తక్కువ ఇస్తామన్నారో ఇద్దరికీ తెలియదు. చివరికి ఒక పెద్దాయన నవ్వి, "ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, కూసోండ్రి, న్యాయంగనే తీసుకుంట" అన్నాడు.

సారమ్మ నా చెవి దగ్గరకు వచ్చి, "ఫికరంటే ఏంటండీ అమ్మగారూ? నన్నేమన్నా తిట్టాడా?" అంది.

"దిగులు పడొద్దంటున్నాడు."

"మరి ఆ మాట తెలుగులో చెప్పొచ్చుగా?"

"ఇది తెలుగే సారమ్మా. వాళ్ళ తెలుగు."

బేగంబజార్ అంచు మీదుగా వెళ్ళాం. ఎండుమిర్చి ఘాటుకు అందరం వరసపెట్టి తుమ్మాం. హమాలీలు తలల మీద బస్తాలతో మా రిక్షాల మధ్య నుంచే దారి చేసుకుని పోతున్నారు. పాత వంతెన మీదకు ఎక్కేసరికి గాలి కాస్త చల్లగా తగిలింది. కింద మూసీలో నీళ్ళు పలచగా ఉన్నాయి. చాకళ్ళు ఆరేసిన బట్టలు నీళ్ళకంటే ఎక్కువ మేర పరుచుకుని ఉన్నాయి. గోదావరి కాలువలు చూసిన మా పిల్లలు, "టీచర్, నది ఎప్పుడొస్తుంది?" అని అడిగారు.

గోడల లోపల

పాఠశాల ఒక పాత జాగీర్దారు దేవిడీలో ఉంది. దేవిడీ అంటే మనవైపు దివాణం లాంటిదే. చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడలు, మధ్యలో పెద్ద వాకిలి. ఒకప్పుడు పల్లకీలు దిగిన ఆ వాకిట్లో ఇప్పుడు సున్నంతో గీతలు గీసి, రెండు వైపులా గుంజలు పాతి, చెక్కబోర్డులకు రింగులు బిగించారు.

అక్కడి ఆటల టీచరు రుక్మాబాయి గుమ్మం దాకా ఎదురొచ్చింది. నాకంటే ఓ పదేళ్ళు చిన్నది, సన్నగా పొడుగ్గా ఉంది. అత్తవారిది పురానాపూల్ దగ్గరి ఒక గుడిలో తరతరాలుగా సేవ చేసే కుటుంబం. ఆ ఇంటి కోడలు విజిల్ మెళ్ళో వేసుకుని తిరగడానికి ఎంత కష్టపడిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

"రండ్రి అక్కా, మస్తు అలసిపోయినట్టున్నరు. ముందు జర చాయ్ తాగుండ్రి, మాటలు తర్వాత" అంది.

ఎదురుగా ఉన్న హోటల్ నుంచి కెటిల్లో చాయ్ వచ్చింది. చిక్కగా, పాయసమంత తియ్యగా ఉంది. దానితో ఉప్పుబిస్కట్టు. పొద్దున్నే కాఫీ పడకపోతే నాకు తల పనిచెయ్యదు. అక్కడున్నన్నాళ్ళూ తల పనిచెయ్యకుండానే గడిపాను.

సాయంత్రం వాళ్ళ పిల్లలు వచ్చారు. కొందరు నడిచి వచ్చారు. కొందరు తెర కట్టిన రిక్షాల్లో బురఖాలతో దిగి, లోపలికి రాగానే వాటిని వరండాలో కొయ్యలకు తగిలించి, సల్వార్ కమీజులతో ఆటలోకి దూకారు. మేం నోళ్ళు తెరుచుకుని చూశాం. ఏలూరులో మా పిల్లలు ఆడుతుంటే ప్రహరీ మీద కాలేజీ కుర్రాళ్ళు బారులు తీరి కూర్చుంటారు. కమిటీవారు వాళ్ళను దించరు, ఆట ఆపమని నాతో అంటారు. అందుకని మా పిల్లలు ఓణీలు సర్దుకుంటూ, ఒక కన్ను గోడ మీద వేసి ఆడడం అలవాటు చేసుకున్నారు. ఇక్కడ చూసేవాళ్ళు లేరు. పిల్లలు గొంతెత్తి అరుస్తున్నారు, కింద పడుతున్నారు, పడినచోటే నవ్వుతున్నారు.

మొదటి ఆట

మొదటి ఆట గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వాళ్ళకు వచ్చిన పాయింట్లలో సగం కూడా మాకు రాలేదు. మా జట్టులో అందరి కళ్ళూ పద్మ మీదే ఉంటాయి. ప్లీడరుగారి అమ్మాయి. ఎగిరితే జింకలా ఉంటుంది, చూడడానికి ఎంతో బాగుంటుంది. వాళ్ళు ఇద్దరు పిల్లల్ని ఆమెకు అడ్డం నిలబెట్టేసరికి ఆమెకు కోపం వచ్చి, ఎంత దూరం నుంచైనా సరే రింగు వైపు విసరడం మొదలుపెట్టింది. మరో పిల్ల లంగా కాళ్ళకు చుట్టుకుని బోర్లా పడింది. మోచెయ్యి గీరుకుపోయింది.

సువార్త మాత్రం తన పని తాను చేసింది. ఆ పిల్ల సంగతి ఇక్కడ చెప్పాలి. నా దగ్గరికి వచ్చినప్పుడు దానికి బంతి అంటే భయం. మీదికి వస్తే కళ్ళు మూసుకునేది. ఆ ఏడాదంతా కళ్ళు తెరిచి బంతి పట్టుకోవడం ఒక్కటే నేర్పాను. మరుసటి ఏడు, బంతి అందాక తూలకుండా ఆగడం. ఆ తర్వాత మడమ తిప్పి ఎటైనా మళ్ళడం. తర్వాత, తలెత్తి తనవాళ్ళు ఎక్కడున్నారో చూసి అందించడం. ఏడాదికొక్క సంగతి. తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. "ఆ ఆయా కూతురి మీద పెట్టిన శ్రమ పద్మ మీద పెడితే కప్పులు వచ్చేవి" అనేవాళ్ళు. నిజమే కావచ్చు. కానీ నాకు ఈ పనిలో ఇష్టమైనది కప్పు కాదు. నిన్న రానిది ఇవాళ రావడం. అది ఎంత చిన్నదంటే, పక్కన నిలబడి చూసేవాళ్ళకు కనపడదు. పిల్లకూ కనపడదు. నాకొక్కదానికే కనపడుతుంది. ఒళ్ళంతా నొప్పులతో ఇంటికి పోయి పడుకున్నా, అది గుర్తొస్తే నవ్వుకుంటాను.

అయినా అలసట అలసటే. ఆ సాయంత్రం తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపి చాపలు పరుచుకుంటుంటే, ఇక చాలు అనిపించింది. రైలు దిగగానే కమిటీవారికి చెప్పేద్దాం, ఈ ఏడుతో విజిల్ ఇంకెవరికైనా ఇమ్మందాం అని మనసులో వాక్యాలు కూర్చుకున్నాను.

బంతికి చిల్లు

మర్నాడు ఉదయం అభ్యాసం మొదలుపెట్టగానే మా బంతి పోయి గుంజకు ఉన్న మేకు మీద పడింది. తోలు చీలి లోపలి బ్లాడర్ బుస్సుమంది. వంతెన దగ్గర చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది బాయీ ఇది? ఫుట్‌బాలా?"

"చేత్తో ఆడేది."

"ఎవలు ఆడుతరు?"

"ఆడపిల్లలు."

అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, మరో మాట లేకుండా పని మొదలుపెట్టాడు. బ్లాడర్‌కు అతుకు వేశాడు, పైన ఒక మందపాటి తోలుముక్క పెట్టి కుట్టాడు. ఊడేది కాదు. అయితే అతుకు ఉన్న వైపు బంతి బరువెక్కింది. నేల మీద కొడితే తిన్నగా లేవదు, తనకు తోచిన దిక్కుకు పోతుంది. పద్మ రెండుసార్లు కొట్టి, ఇది నాకొద్దని పక్కకు విసిరేసింది. సువార్త తెచ్చుకుని గోడవారగా ఒక్కతే కొడుతూ, అది ఎటు పోతుందో కనిపెట్టడానికి పూనుకుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు. సారమ్మ కేకలేసి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

రుక్మాబాయి వరండాలో కూర్చుని ఇదంతా చూస్తూ ఉంది.

సల్వార్లు

రెండో ఆటకు ముందు ఆమె ఒక బట్టల మూట తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, కోపం చెయ్యకుండ్రి. మీ పిల్లలు గా లంగలతోని ఉరుకలేక సస్తున్నరు. ఇవి మా పిల్లలయి. ఉతికినయే. తొడుక్కోమనుండ్రి."

మా కమిటీవారి ముఖాలు వరసగా నా కళ్ళ ముందు కదిలాయి. తర్వాత గోడల ఎత్తు చూశాను. సరేనన్నాను.

పిల్లలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు నవ్వుకుని బయటికి వచ్చారు. సల్వార్లు కొందరికి పొడుగు, కొందరికి వదులు. అయినా అడుగులు పెద్దవయ్యాయి. ఆ ఆట కూడా ఓడిపోయాం. ఓటమికి కారణం లంగాలు కావని తేలిపోయింది. కానీ ఈసారి ఓటమి వేరు. పొద్దుట నేను వాళ్ళకు ఒకే ఒక్క మాట చెప్పాను. బంతి అందగానే రింగు వైపు కాదు, పక్కవాళ్ళ వైపు చూడమని. పద్మ కూడా రెండు మూడుసార్లు చూసింది. చూసిన ప్రతిసారీ సువార్త ఖాళీగా ఉన్నచోట నిలబడి ఉంది. చివరి భాగంలో వాళ్ళు, మేము ఇంచుమించు సమంగా ఆడాం.

ఆట అయ్యాక మా పిల్లలు సల్వార్లు విప్పి ఇవ్వడానికి ఇష్టపడలేదు. రేపటిదాకా ఉంచుకోమని రుక్మాబాయి నవ్వింది.

కిచిడీ, ఖట్టా

మర్నాడు పొద్దున్న అందరినీ తమ ఇంటికి ఫలహారానికి పిలిచింది. మనవైపు పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు. అక్కడ కిచిడీ తింటారు, దాని మీద ఖట్టా అని చింతపండు, నువ్వులు కలిపిన పులుసు పోసుకుంటారు. పొద్దుటే పులుసన్నమేమిటని మొదట మొహాలు చిట్లించిన పిల్లలు మూడోసారి కూడా వడ్డించుకున్నారు.

సారమ్మ లోపలికి రాలేదు. గుడి ఇంటివాళ్ళ గుమ్మం అని వీధి అరుగు మీదే కూర్చుండిపోయింది. తల్లి కూర్చున్నచోటే సువార్త కూడా కూర్చుంది. రుక్మాబాయి రెండు విస్తళ్ళు అక్కడికే తీసుకెళ్ళి వడ్డించి, వాళ్ళ పక్కనే తానూ కూర్చుంది. లోపల నుంచి ముసలి గొంతొకటి ఏదో గొణిగింది. ఆమె వినిపించుకోలేదు.

చేతులు కడుక్కున్నాక నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, ఒక మాట అడుగుత. గా సువార్తను నాకియ్యుండ్రి."

నాకు వెంటనే అర్థం కాలేదు. పద్మను కాబోలనుకున్నాను. అదే అన్నాను కూడా.

"కాదు. ఎగిరేటోళ్ళు నాకు మస్తు మంది ఉన్నరు. నిన్న గా వంకర బంతిని పట్టుకొని గోడకాడ ఏం జేసిందో చూసిన. గసుంటి పిల్ల నాకు దొరకలే. జూన్‌ల వస్తె మా దగ్గర పై క్లాసుల చేర్పిస్త, హాస్టల్ ఉంది, ఖర్చు బడి చూస్కుంటది. చదువు అయినంక డ్రిల్లు టీచర్ ట్రైనింగుకు పంపిస్త."

మా బడిలో ఎస్.ఎస్.ఎల్.సి. తర్వాత పై క్లాసులు లేవు. ఈ ఏడు పరీక్ష అయిపోతే సువార్త చదువు ఆగిపోతుంది. తల్లి వెనకాల చీపురు పట్టుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా అటువైపు ఆలోచించకుండా రోజులు నెట్టుకొస్తున్నాను. ఆమె మాటకు సంతోషించాలి. కానీ లోపల ఎవరో నా చేతిలోది లాక్కున్నట్టు అనిపించింది. ఇన్నేళ్ళు కూర్చి కూర్చి పెట్టింది నేను. ఇంకా ఒక ఏడు ఉంటే ఎడమ చెయ్యి కూడా సరిచేసేదాన్ని. ఆ పిల్లకు కుడివైపు నుంచి వస్తే రింగు తప్పదు, ఎడమవైపు నుంచి వస్తే చెయ్యి తడబడుతుంది.

"వాళ్ళమ్మనడగాలి" అన్నాను.

సారమ్మ అడిగినది

బడికి తిరిగి వెళ్ళగానే వాకిట్లో సారమ్మను కూర్చోబెట్టి అంతా చెప్పాను. రుక్మాబాయి కూడా వెంటే ఉంది. సువార్త కాస్త దూరంలో చింతచెట్టు మొదట్లో నిలబడి వింటోంది.

సారమ్మ కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంటూ అంతా వింది. తర్వాత తలెత్తి నేరుగా రుక్మాబాయిని చూసింది.

"అమ్మా, నేనొకటి అడుగుతాను, ఏమనుకోకండి. మా పిల్ల ఇక్కడ ఎక్కడ కూర్చుని తింటుంది?"

రుక్మాబాయి వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చుంది. "హాస్టల్ల అయితే అందరితోని, ఒక్కటే బంతిల. మా ఇంటికొస్తె నా పక్కన. మా అత్త లొల్లి చేస్తది. అబద్ధం ఎందుకు చెప్పాలె, తప్పకుంట చేస్తది. నేను ఊకుంట, కానీ పిల్లను లేపను."

"దానికి జొరమొస్తే?"

"నేనుంట."

సారమ్మ నావైపు తిరిగింది. "అమ్మగారూ, మీరేమంటారు? మీరు వద్దంటే వద్దు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. వద్దనడానికి నా దగ్గర మంచి మాటలే ఉన్నాయి. దూరం, కొత్త ఊరు, తల్లి ఒంటరి. ఒక్కటీ అబద్ధం కాదు. సువార్త నన్నే చూస్తోంది. పట్టుకోవడానికి బంతి వచ్చేటప్పుడు చూసినట్టు, కళ్ళు ఆర్పకుండా.

"పంపించు సారమ్మా" అన్నాను. "నా దగ్గర ఉంటే చదువు ఆగిపోతుంది."

సారమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఒసే సువార్తా, నీకేమే? నోరు విప్పవేం?"

ఆ పిల్ల రెండడుగులు ముందుకు వచ్చి రుక్మాబాయిని అడిగింది. "ఇక్కడ రోజూ నేర్పుతారాండీ?"

"ఆదివారం తప్ప."

"అయితే వస్తాను" అంది. అని, నావైపు చూడలేక నేల చూసింది.

మూడో ఆట

సాయంత్రం ఆట బాగా జరిగింది. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. మా పిల్లలు ఒకళ్ళ కోసం ఒకళ్ళు వెతికారు. వాళ్ళ పిల్లలకు మొదటిసారి చెమటలు పట్టాయి. పద్మ కోపం లేకుండా ఆడింది. ముగియడానికి కాస్త ముందు వాళ్ళు మాకంటే ఒక్క బుట్ట, అంటే రెండు పాయింట్లే ముందున్నారు. బంతి సువార్తకు అందింది. ఎడమవైపు ఖాళీగా ఉంది. ఎగిరింది, ఎడమ చేత్తోనే వేసింది. బంతి రింగు అంచు మీద తిరిగి బయటకు పడింది. వాళ్ళ పిల్ల అందుకుని అటు పరుగెత్తింది. విజిల్ మోగింది. ఓడిపోయాం.

రెండు జట్లూ వరండాలోకి వెళ్ళాయి. మజ్జిగ గ్లాసులు చప్పుడవుతున్నాయి. సువార్త మాత్రం రింగు కిందే నిలబడిపోయింది. నేను నా మోకాళ్ళను లేపుకుని అటు నడిచాను. అవతలి వైపు నుంచి రుక్మాబాయి కూడా వస్తోంది.

"చెయ్యి ఇంకాస్త పైదాకా పోనివ్వాలి, తొందరగా వదిలేశావు" అన్నాను నేను.

"చెయ్యి కాదు అక్కా, కాలు" అంది రుక్మాబాయి. "ఏ కాలు మీద ఎగిరినవ్ బిడ్డా? కుడికాలు మీద ఎగిరితె ఎడమ చెయ్యి మంచిగ లేస్తది. నువ్వు ఉల్టా ఎగిరినవ్."

సువార్త బంతి పట్టుకుని ఆమెను చూసింది, నన్ను చూసింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లకు ఇద్దరు టీచర్లు రెండు మాటలు చెప్పడం అదే మొదటిసారి. ఎవరి మాట వినాలో తెలియక ఏడుపు మొహం పెట్టింది.

చెయ్యి, చెయ్యి అని రెండేళ్ళుగా చెబుతూ వచ్చాను. కాలు వైపు చూడనే లేదు. అక్కడ నిలబడి, మనసులోనే ఆ పరుగును మళ్ళీ నడిపించి చూసుకున్నాను. ఆమె చెప్పింది సరిగానే ఉంది.

"ఆవిడ చెప్పినట్టు చెయ్యి" అన్నాను.

సువార్త వెనక్కి వెళ్ళి, పరుగున వచ్చి, కుడికాలు మీద ఎగిరింది. అడుగు కుదరలేదు. బంతి బోర్డుకు కూడా తగలకుండా పోయింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి బోర్డుకు తగిలింది. గుమ్మం దగ్గర సారమ్మ, రిక్షాలు వచ్చేశాయని, రైలు తప్పిపోతుందని కేకలు పెడుతోంది. పిల్ల బంతి ఏరుకుని, 'ఇక చాలా?' అన్నట్టు మావైపు చూసింది.

"ఇంకోసారి" అన్నాం ఇద్దరం, ఒక్కసారే.